రెండు లెక్కపెట్టేలోగా

ఆల్డర్ ఫోర్క్, నెబ్రాస్కా
ఆగస్టు 23, 1971

తమ్ముడు డెల్మర్‌కి అక్క ఆర్డిస్ ఆశీస్సులు.

ఉత్తరం రాసి రెండు నెలలైందని నువ్వు దెప్పకముందే ఒప్పేసుకుంటున్నాను. వేసవిలో ఇక్కడ రాయడానికి ఏముంటుంది? ఎండ, మిడతలు, మొక్కజొన్న. పోయిన వారం మా కాలేజీ ఫుట్‌బాల్ కుర్రాళ్ళు దిగారు. అప్పటినుంచి నా సామాన్ల గదికి ప్రాణం లేచొచ్చింది. భుజాల కవచాలు తుడిచాను, హెల్మెట్ల లోపలి తోలుపట్టీలు మార్చాను, చిరిగిన జెర్సీలు కుట్టాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. కళ్ళు మూసుకుని కూడా చేస్తాను కానీ సూది గుచ్చుకుంటుంది.

ఈసారి ముప్ఫై ఒక్కమందే వచ్చారు. మీ బ్రాంట్‌విల్ కాలేజీలో డెబ్భైమంది ఉంటారట కదా. మా వాళ్ళలో సగంమంది దాడిలోనూ ఆడాలి, కాపుదలలోనూ ఆడాలి. నీళ్ళు తాగడానికి కూడా బయటికొచ్చే తీరిక ఉండదు.

అసలు సంగతి చెప్తాను. మొదటిరోజు భోజనాల దగ్గరికి కాలేజీ ప్రెసిడెంట్ వచ్చాడు. మాంసం, చిక్కుళ్ళ చిల్లీ పులుసులో దాల్చినచెక్క రొట్టె ముంచుకుని తిని, మూతి తుడుచుకుని చల్లగా చెప్పాడు. "రెండేళ్ళలో పద్దెనిమిది ఆటలాడి పద్దెనిమిదీ పోగొట్టారు. ఈ ఏడు ఒక్కటంటే ఒక్క ఆట గెలవండి. లేదంటే వచ్చే ఏడు ఆల్డర్ ఫోర్క్‌లో ఫుట్‌బాల్ ఉండదు" అన్నాడు. కుర్రాళ్ళు చెంచాలు కింద పెట్టేశారు. కోచ్ లిండ్‌గ్రెన్ మాత్రం, "రొట్టె ఇంకొకటి పెట్టించుకోండి సార్" అన్నాడు. నీకు తెలుసుగా ఆయన సంగతి. నువ్వు ఆయన చేతికింద ఆడినప్పుడు ఎలా ఉన్నాడో ఇప్పుడూ అంతే. పొద్దున భూగోళశాస్త్రం పాఠం, మధ్యాహ్నం మైదానం, కోపమొస్తే అదే గోధుమరంగు టోపీ తీసి మళ్ళీ పెట్టుకోవడం.

ఫుట్‌బాల్ పోతే నా గదీ పోతుంది. దాని గురించి నాకంత దిగుల్లేదు. ఈ కుర్రాళ్ళ గురించి, ఆయన గురించి దిగులు. ఆఖరి ఆట నవంబరు పదమూడున మీతోనే, మా మైదానంలోనే. కాబట్టి అప్పటిదాకా నన్ను మా ఎత్తులేమిటని అడగకు. నేనూ మీవి అడగను.

అక్క
ఆర్డిస్


బ్రాంట్‌విల్, కాన్సాస్
సెప్టెంబరు 3, 1971

అక్కయ్యకి,

నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఎత్తులు అడగొద్దంటూనే, ముప్ఫై ఒక్కమందే ఉన్నారనీ సగంమంది రెండువైపులా ఆడతారనీ మొదటి ఉత్తరంలోనే కక్కేశావు. మా పెద్ద కోచ్ హోబార్ట్‌కి ఇది చూపిస్తే నీకొక ఉద్యోగం ఇస్తాడు.

నేను బాగానే ఉన్నాను. పధ్నాలుగేళ్ళుగా సహాయ కోచ్‌గా ఏ పని చేస్తున్నానో ఇప్పుడూ అదే. ముఖ్యంగా నేను రీళ్ళవాణ్ణి. ప్రతి ఆటా ఫిల్ము తీయించడం, కడిగించడం, ఆదివారం కల్లా రెండు పాత ఆటల రీళ్ళు డబ్బాలో పెట్టి రాబోయే ప్రత్యర్థికి బస్సులో పంపడం, వాళ్ళవి తెప్పించుకోవడం. నీవి నేను చూస్తాను, నావి నువ్వు చూడు. ఇన్నేళ్ళలో ఎవరూ మాట తప్పింది లేదు. హోబార్ట్ వచ్చే ఏడు తప్పుకుంటాడట. "నా కుర్చీ నీదేరా" అని పోయిన వారం నలుగురిలో అన్నాడు. నీకే ముందు చెప్తున్నాను.

ప్రెసిడెంట్ మాట విన్నాక అన్నం సహించలేదు. నాన్న పోయినప్పుడు నువ్వు ఆ గదిలో చేరి చొక్కాలుతికి నన్ను చదివించావు. ఆ గదికి తాళం వేస్తారంటే విని నేను ఊరికే ఎలా ఉండను? ఒక్క ఆటే కదా అక్కయ్యా. తొమ్మిదిట్లో ఒకటి ఎక్కడో దగ్గర తగలదూ?

డెల్మర్


ఆల్డర్ ఫోర్క్
సెప్టెంబరు 27, 1971

తమ్ముడూ,

తగల్లేదు. రెండు ఆడాం, రెండూ పోయాయి. మొదటిది ముప్ఫై నాలుగు సున్నా. అది ఆట కాదు, వడగళ్ళ వాన. రెండోది మాత్రం ఇరవై పధ్నాలుగు. మా వాళ్ళు రెండుసార్లు బంతితో ప్రత్యర్థి గీత దాటారు. పోయిన ఏడాది మొత్తం మీద మూడేసార్లు దాటారని గుర్తుంచుకో.

నీకు ఇద్దర్ని పరిచయం చేయాలి. ఒకడు క్లెటస్. వరుస మధ్యలో వంగి బంతిని వెనక్కి అందించేవాడు. పందుల పెంపకం వాళ్ళింట్లో. మెడ అనేది దేవుడు వాడికి పెట్టడం మర్చిపోయాడు. మాట్లాడమంటే రెండు ముక్కలు. ఇంకొకడు రాస్కో. బంతి విసిరేదీ వాడే, ప్రత్యర్థి విసిరినప్పుడు అందరికన్నా వెనకనుండి కాపు కాసేదీ వాడే. వీడికి నోరెక్కువ. ఓడిపోయి వచ్చి కూడా, "ఆర్డిస్ అత్తా, నా చొక్కా మీద ఆ గడ్డి మరక ఉంచెయ్యి. రెండోసారి గీత దాటినప్పటిది" అన్నాడు. ఉంచుతానా! రుద్ది రుద్ది వదిలించాను. అయినా వాడి మొహం చూస్తే ముచ్చటేసింది.

మొన్న ఆట మధ్యలో వాన. బురదలో ఎవరు ఎవరో తెలియలేదు. క్లెటస్ వేలు కీలు తప్పింది. కోచ్ బయటికి రమ్మంటే రాలేదు. "ఇంకో చెయ్యి ఉంది కోచ్" అన్నాడు. ఆయన వాణ్ణి చొక్కా పట్టి లాక్కొచ్చి బల్ల మీద కూర్చోబెట్టి, "నీ చెయ్యి నాకు ఈ సాయంత్రం దాకానే కావాలి. మీ నాన్నకి బతుకంతా కావాలి" అన్నాడు. ఆ తర్వాత వాడి బదులు దిగినవాడు బంతి జారవిడిచాడు, దాంతోనే ఓడిపోయాం. కోచ్ టోపీ తీసి పెట్టుకున్నాడంతే.

ఊరివాళ్ళు మంగలి దుకాణంలో ఆయన్ని వెర్రిబాగులవాడంటున్నారట. అననీ.

అక్క


ఆల్డర్ ఫోర్క్
అక్టోబరు 18, 1971

తమ్ముడూ,

కూర్చుని చదువు. శనివారం ఓడిపోలేదు!

గెలవనూ లేదు. ఏడు ఏడు. సమానం. ఆఖరి నాలుగు నిమిషాలు ప్రత్యర్థి మా గీత ముందు గజం దూరంలో ఉన్నాడు. నాలుగుసార్లు గుద్దాడు. నాలుగుసార్లూ మా వాళ్ళు కదల్లేదు. ఆ కుప్పలో క్లెటస్ అడుగున ఉన్నాడు. లేపితే పళ్ళ సందుల్లో మట్టి, మొహమంతా నవ్వు. నేను గట్టు మీద సామాన్ల పెట్టె దగ్గర నిలబడి గొంతు పోయేలా అరిచాను. ఇవాళ్టికీ మాట సరిగా రావడం లేదు. మా ఆయన బతికుంటే ఈ నిశ్శబ్దానికి పండగ చేసుకునేవాడు.

ఊరంతా హారన్లు మోగించారు. రొట్టెల కొట్టువాడు క్యాబేజీ, మాంసం కూరిన బన్నులు బుట్టెడు పంపాడు. అప్పుడు ఊరికి ప్రాణమొచ్చింది చూడు, ప్రెసిడెంట్ గారు దాన్ని తీసెయ్యడానికి ఇవాళ పొద్దున్నే వచ్చాడు. "సమానమంటే గెలుపు కాదు కదా" అన్నాడు. పుండు మీద కారం అంటే ఇదే. కోచ్ ఏమన్నాడో తెలుసా? "కాదు సార్. నేనూ కుర్రాళ్ళకి అదే చెప్పాను" అన్నాడు. ఒక్కసారి కొంచెం వాదించవచ్చు కదా ఆ మనిషి! నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆయన చెప్పింది నిజమే. నిజం చెప్పే మనిషితో వచ్చిన చిక్కే అది.

ఇంకా నాలుగు ఆటలున్నాయి. నువ్వు నా మీద జాలిపడి ఏదో రాయబోతావు. రాయకు.

అక్క


బ్రాంట్‌విల్
నవంబరు 1, 1971

అక్కయ్యకి,

మీ పోయిన రెండు ఆటల స్కోర్లు పేపర్లో చూశాను. ఒకటి మూడు పాయింట్ల తేడా, ఒకటి ఆరు. ఈ ఆరో తారీఖు దాటితే ఇంకొక్క ఆటే, అది మాతో. మేం ఏడు ఆడి ఆరు గెలిచాం. నిజం చెప్పనా, మా వాళ్ళు మీకంటే రెండింతలున్నారు. నాకిది సంతోషంగా లేదు.

నేను ఆడే రోజుల్లో ఒకసారి లిండ్‌గ్రెన్ నన్ను ఆపి, "నువ్వు చురుకైనవాడివి డెల్మర్, కానీ తొందరపడి ఇతరుల పని కూడా నువ్వే చేసేస్తావు" అన్నాడు. ఎందుకో ఇవాళ గుర్తొచ్చింది.

నువ్వు ఆరోగ్యం చూసుకో. మోకాళ్ళ నొప్పులకి డాక్టరు ఇచ్చిన మందు రాస్తున్నావా?

డెల్మర్


బ్రాంట్‌విల్
నవంబరు 7, 1971

అక్కయ్యకి,

నిన్న మీరు మళ్ళీ ఓడిపోయారని విన్నాను. ఏమీ రాయను.

ఈ ఉత్తరం ఫిల్ము డబ్బాతోపాటు బస్సులో వస్తోంది. ఎప్పటిలాగే రెండు రీళ్ళున్నాయి. స్టేషన్‌లో నువ్వే తీసుకుని కోచ్ చేతికే ఇవ్వు. రెండూ ఆసాంతం చూడమని చెప్పు. రెండోది ముఖ్యంగా. ఒక్క గజం కూడా వదలొద్దు.

ఇక శనివారం కలుద్దాం. మైదానంలో నన్ను చూసి మొహం తిప్పుకోకు.

డెల్మర్


ఆల్డర్ ఫోర్క్
నవంబరు 9, 1971

డెల్మర్‌కి,

నీకు బుద్ధుందా? పధ్నాలుగేళ్ళ నుంచి రీళ్ళు సర్దుతున్నవాడివి, ఇంత పరాకా?

నిన్న సాయంత్రం పాఠాల గదిలో కుర్రాళ్ళందర్నీ కూర్చోబెట్టి దీపాలార్పి మీ రీళ్ళు వేశారు. మొదటిది బాగానే ఉంది, మీ పోయిన ఆటది. రెండోది పెట్టగానే ఏముంది తెరమీద? జనం లేరు, చొక్కాల మీద అంకెలు లేవు. బూడిదరంగు చొక్కాల్లో మీ కుర్రాళ్ళు, మీ కాలేజీ వెనక మైదానం. మా ఆట కోసం మీరు చేస్తున్న సాధన అది! అందరికీ అర్థమయ్యేలోపే కోచ్ లిండ్‌గ్రెన్ లేచి గోడలోంచి తీగ పీకేశాడు. మీ వాళ్ళు వంగి నిలబడటం చూశాం, అంతే.

"ఇది మనకి పంపింది కాదు" అన్నాడు.

రాస్కో ఊరుకుంటాడా? "పంపారు కోచ్! డబ్బా మీద మన పేరే ఉంది."

"పేరుంటే సరిపోదురా. లోపలి సరుకు మనదవ్వాలి."

వెనకనుంచి ఎవడో, "కోచ్, దేవుడే పంపాడు" అన్నాడు.

"దేవుడు బస్సులో పార్సిళ్ళు పంపడురా" అన్నాడు ఆయన. ఎవరూ నవ్వలేదు. అప్పుడు రాస్కో, ఎప్పుడూ లేనంత చిన్నగా అడిగాడు. "ఓడిపోతే ఫుట్‌బాలే పోతుంది కదా కోచ్?"

"పోతుంది. పోతే నేనూ మీతోపాటు కూర్చుని ఏడుస్తాను. అది చూసి గెలిస్తే ఏడవడానిక్కూడా నాకు మొహం ఉండదు. అక్కడ ఆ కుర్రాళ్ళు ఎవరూ చూడటం లేదనుకుని నేర్చుకుంటున్నారు. తలుపు సందులోంచి చూసే విద్య నాకు రాదు. వచ్చినా మీకు నేర్పను."

ఆఖరికి క్లెటస్ లేచాడు. కుర్చీ కిర్రుమంది. వెళ్ళి దీపం వేశాడు. "అయితే మొదటి రీలు మళ్ళీ వేయండి కోచ్" అని కూర్చున్నాడు. అందరూ ముందుకు వంగి ఆ మొదటి రీలునే మళ్ళీ చూశారు. నేను వెనక తలుపు దగ్గర తువ్వాళ్ళు మడతపెడుతున్నాను. మడతపెట్టినదాన్నే విప్పి మళ్ళీ మడతపెట్టాను. గర్వంతోనో భయంతోనో తెలియదు.

నీ తప్పు హోబార్ట్‌కి తెలిస్తే నీ కుర్చీ గతేమిటి? అందుకే డబ్బా నా దగ్గర పెట్టుకున్నాను. మీ ఊరి బస్సు రేపు సాయంత్రంగానీ లేదు. ఎవరూ తెరవకుండా మూతకి సీలు బిళ్ళ వేసి నీ పేరుకే పంపుతాను, ఈ ఉత్తరం అందులోనే ఉంటుంది. నోరు మూసుకుని రీలు దాని చోట పెట్టుకో. ఇంకెప్పుడూ ఇలా చేయకు.

అక్క


బ్రాంట్‌విల్
నవంబరు 11, 1971

అక్కయ్యకి,

డబ్బా అందింది. బిళ్ళ వేసే ఉంది.

ఆయన నిజంగా చూడలేదా? తర్వాత ఒక్కడే కూర్చుని కూడా?

హడావిడిలో ఉన్నాను.

డెల్మర్


ఆల్డర్ ఫోర్క్
నవంబరు 15, 1971

తమ్ముడూ,

ఆట అయ్యాక నీకు కనబడకుండా వెళ్ళిపోయాను. మొహం తిప్పుకోలేదు. అక్కడ నిలబడే ఓపిక లేదు.

నువ్వు సహాయ కోచ్‌లు కూర్చునే పై గాజు గదిలోంచి చూసుంటావు గానీ, గట్టు మీంచి ఎలా ఉందో చెప్తాను. ఈదురుగాలి, సన్నగా మంచు కలిసిన వాన. ఊళ్ళో దుకాణాలన్నీ మూసేశారు. పొలాలనుంచి ట్రాక్టర్ల మీద కూడా వచ్చారు. మా వాళ్ళు మీ డెబ్భైమంది ముందు నిలబడితే పెద్దబడి పిల్లల ముందు చిన్నబడి పిల్లల్లా ఉన్నారు. ఊపిరి పొగలు కక్కుతోంది. అలాంటివాళ్ళు మిమ్మల్ని మూడు వంతుల ఆట ఎలా పట్టుకున్నారో నువ్వూ చూశావు. మొదటి రీలులో ఏం చూశారో అదంతా గుర్తుపెట్టుకుని ఆడారు. మీ కుడివైపు వాడు పరిగెత్తేముందు ఎడమకాలు కదుపుతాడని క్లెటస్ కనిపెట్టాడు. రెండుమాటల మనిషి, మైదానంలో "కాలు! కాలు!" అని అరుస్తూనే ఉన్నాడు. రాస్కో రెండుసార్లు గీత దాటించాడు. రెండోసారి ఆరు పాయింట్లు వచ్చాక, కర్రల మధ్యకి బంతి తన్ని తెచ్చుకోవాల్సిన ఏడోది గాలికి పక్కకి పోయింది. పదమూడు ఏడు. మేం ముందున్నాం. గడియారంలో నలభై సెకన్లు. నా పక్కన మన పాత పోస్టుమాస్టరు ఏడుస్తున్నాడు.

అప్పుడు మీరు ఆ ఎత్తు వేశారు. అందరూ కుడివైపుకి పరిగెత్తారు. మీ ఎడమ చివరివాడు మాత్రం తడబడి బోర్లా పడ్డాడు. పడినవాణ్ణి ఎవరు చూస్తారు? రాస్కో వాణ్ణి వదిలి కుడివైపుకి ఉరికాడు. రెండు లెక్కపెట్టేలోగా వాడు లేచాడు. ఖాళీ మైదానంలో ఒక్కడే పరుగు. బంతి మా వాళ్ళ తలలమీదుగా వెళ్ళి వాడి చేతుల్లో పడింది. పదమూడు పదమూడు. ఆపైన మీ తన్ను గాలికి పక్కకి పోలేదు. పధ్నాలుగు పదమూడు.

ఆ రీలు మూడురోజులు మా గూట్లో ఉంది డెల్మర్. మేం ఆ ఎత్తుకే ఓడిపోయాం.

కోచ్ నేరుగా మైదానం దాటి వెళ్ళి హోబార్ట్ చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పడటం ఎవరు కనిపెట్టారు? ఎంత అందమైన ఎత్తు!" అన్నాడు. నిజంగా మెచ్చుకుంటూనే అన్నాడు, ఆ మొహం నాకు తెలుసు. తర్వాత లోపలికొచ్చాడు. రాస్కో హెల్మెట్ తీయకుండా మూలన కూర్చుని వెక్కుతున్నాడు. కోచ్ వాడి పక్కన నేలమీద కూర్చున్నాడు. "నీ జాగాలో నేనున్నా అటే పరిగెత్తేవాణ్ణిరా" అన్నాడు. ఆపైన అన్నమాట ప్రకారం తనూ ఏడ్చాడు. ఇరవై రెండేళ్ళలో నేనాయన్ని అలా చూడలేదు. ఆ గదిలో ఒక్కడు కూడా, ఒక్కడంటే ఒక్కడు కూడా, రీలు మాట ఎత్తలేదు.

నేను తడిచొక్కాలు ఏరుకుని ఇంటికొచ్చేశాను. ఇంతకన్నా రాయలేను.

అక్క


బ్రాంట్‌విల్
నవంబరు 21, 1971

అక్కయ్యకి,

ఇది చదివాక నువ్వు నన్ను తమ్ముడని పిలవకపోయినా నేను తప్పుపట్టను.

ఆ రీలు పరాకున రాలేదు. నా చేత్తో, తెలిసి, డబ్బాలో పెట్టాను.

డబ్బా పంపిన ఆదివారం పొద్దున అందరూ చర్చికి వెళ్ళారు. నేనొక్కణ్ణే రీళ్ళ గదిలో ఉన్నాను. రెండు రీళ్ళూ బల్లమీద పక్కపక్కన ఉన్నాయి. నీ గది గుర్తొచ్చింది. వేడినీళ్ళకి బొబ్బలెక్కిన నీ చేతులు గుర్తొచ్చాయి. ఒక్క ఆటే కదా అనుకున్నాను. మేం ఏడు గెలిచాం, ఒకటి పోతే మాకేం పోయింది అనుకున్నాను. పరాకున వచ్చిందనుకుని మీరు చూస్తారు, ఎవరి చేతికీ మట్టి అంటదు అనుకున్నాను. ఆ ఎత్తు నేర్చుకోవడానికి మా కుర్రాళ్ళు రెండు వారాలు మంచులో పడి లేచారు. వాళ్ళ గురించి ఆ పూట ఆలోచించనే లేదు. అది రాస్తుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

నువ్వు డబ్బా తిప్పి పంపితే నేను నమ్మలేదు. చూసే ఉంటారు, మర్యాద కోసం పంపారు అనుకున్నాను. మనిషన్నవాడు చూడకుండా ఎలా ఉంటాడు? అందుకే అసలు పాపం జరిగింది. ఆఖరి నలభై సెకన్లప్పుడు హోబార్ట్ కిందనుంచి ఫోనులో నన్ను అడిగాడు. "డెల్మర్, ఆ పడే ఎత్తు వేద్దామా?" మీకది తెలుసు, రాస్కో కదలకుండా నిలబడతాడు, బంతి పట్టేసుకుంటాడు, మీరు గెలుస్తారు. అలా అనుకుని, "వెయ్యండి" అన్నాను.

మా వాడు పడగానే నేను రాస్కోనే చూస్తున్నాను. వాడు కుడివైపుకి ఉరికాడు. అప్పుడు తెలిసింది నాకు, లిండ్‌గ్రెన్ చూడలేదని. మిమ్మల్ని ఓడించింది హోబార్ట్ కాదు, నేను. నా నోటితోనే.

మా గదిలో అందరూ గంతులేస్తున్నారు, నన్ను కౌగిలించుకుంటున్నారు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు ఆదివారం కారేసుకుని మీ ఊరొచ్చాను. నీకు చెప్పలేదు. నేరుగా లిండ్‌గ్రెన్ ఇంటికి వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళప్పటిలాగే గుమ్మంలో టోపీ చేతిలో పట్టుకుని అంతా చెప్పేశాను. ఆయన విని, "అలాగే అనుకున్నాను. నువ్వు పొరపాటున రీళ్ళు తారుమారు చేసే రకం కాదు" అన్నాడు. "మరి అక్కయ్యకి ఎందుకు చెప్పలేదు కోచ్?" అన్నాను. "తమ్ముడు పరాకు మనిషనుకుని తిట్టుకోవడం ఆమెకి తేలిక. రెండోది తేలిక కాదు" అన్నాడు. కాల్చిన గుమ్మడికాయ తీపిరొట్టె ఒక ముక్క పెట్టి తినేదాకా కూర్చోబెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం హోబార్ట్‌కీ చెప్పాను. "కుర్చీ నీకివ్వలేను. డబ్బాలు కూడా" అన్నాడు. న్యాయమే. జూన్ దాకా వ్యాయామం క్లాసులు చెప్పుకుని వెళ్ళిపోతాను.

నేను చేయబోయింది నీకోసమే అక్కయ్యా. అదొక్కటి నమ్ము.

డెల్మర్


ఆల్డర్ ఫోర్క్
డిసెంబరు 6, 1971

డెల్మర్‌కి,

నీ ఉత్తరం పన్నెండు రోజులు పిండి డబ్బా వెనక పెట్టాను. జవాబు రాయడానికి కూర్చోవడం, లేవడం.

ముందు వార్తలు. శుక్రవారం కాలేజీ పెద్దలు కూర్చున్నారు. ఏడుగురు మూసేద్దామన్నారు, నలుగురు వద్దన్నారు. ఆల్డర్ ఫోర్క్‌లో ఫుట్‌బాల్ అయిపోయింది. తలుపు బయట కుర్రాళ్ళందరూ నిలబడి ఉన్నారు. ఎవడూ అరవలేదు, రాయి విసరలేదు. క్లెటస్, "సరే" అన్నాడు. వాళ్ళంతా నా గదికొచ్చి కవచాలు, హెల్మెట్లు ఎవరివి వాళ్ళే తుడిచి గూళ్ళలో పెట్టారు. ఆ పని వాళ్ళు ఎప్పుడూ చేయలేదు, ఆ రోజు నన్ను ముట్టుకోనివ్వలేదు. రాస్కో తన జెర్సీ ఇచ్చి, "అత్తా, ఈసారి మరక ఉంచెయ్యి" అన్నాడు. ఉంచాను.

నిన్న మీ హోబార్ట్ వచ్చాడు, ఒక్కడే, మంచులో నాలుగు గంటలు కారు తోలుకుని. నువ్వు చెప్పినదంతా ఆయన కడుపులోనే పెట్టుకున్నాడు, ఎవరికీ అనలేదు. కోచ్‌తో, "ఆ చీకటి గదిలో కూర్చుని కూడా ఆ రీలు చూడని కుర్రాళ్ళు నాకు కావాలి. ఎంతమంది వస్తే అంతమంది" అన్నాడు. క్లెటస్, రాస్కో, ఇంకో ముగ్గురు జనవరిలో మీ దగ్గరికి వస్తున్నారు. మరో రెండు కాలేజీలవాళ్ళు కూడా అడుగుతున్నారు. ఓడిపోయిన జట్టు కోసం ఇంతమంది తలుపు తట్టడం నేను ఎక్కడా వినలేదు. మంగలి దుకాణంలో ఇప్పుడు మా కోచ్‌ని వెర్రిబాగులవాడు అనేవాడు లేడు. నేను కనుక్కున్నాను.

ఇక నా సంగతి. నువ్వు నీది చెప్పావు కాబట్టి నేనూ నాది చెప్తాను. దీన్ని ఇంకా దాచుకుంటే నీమీద కోపగించుకునే హక్కు నాకుండదు.

నేను ఆ రీలు చూశాను.

డబ్బా పంపాల్సిన బుధవారం మధ్యాహ్నం కుర్రాళ్ళు మైదానంలో ఉన్నారు. బస్సుకి ఇంకా మూడు గంటలుంది. పాఠాల గది తాళం నా దగ్గరే ఉంటుంది. లోపల గడియ పెట్టుకుని, తువ్వాలుతో కిటికీ కప్పి, మొత్తం చూశాను. మీ ఎడమ చివరి కుర్రాడు పదకొండుసార్లు పడ్డాడు. ప్రతిసారీ రెండు లెక్కపెట్టి లేచాడు. ఒకసారి లేవలేక నవ్వుతూ ఉండిపోతే మిగతావాళ్ళు మంచు ముద్దలు విసిరారు. తర్వాత రీలు చుట్టి, బిళ్ళ వేసి, ఏమీ ఎరగనట్టు బస్సెక్కించాను. ఎందుకు చూశానంటే, ఎవరికైనా తెలియాలి కదా అనుకున్నాను. తలుపు సందులోంచి చూసే విద్య కోచ్‌కి రాకపోతే నాకొచ్చు, నేనేమీ కోచ్‌ని కాదు అనుకున్నాను. మనం ఒకే తల్లి బిడ్డలం కాదూ.

శనివారం ఆ ఆఖరి ఎత్తుకి మీ వాళ్ళు నిలబడ్డ తీరు చూసి గుర్తుపట్టాను. మీ వాడు పడ్డాడు. రాస్కో నాకు పదిహేను గజాల్లో ఉన్నాడు. నా గొంతు వాడికి బాగా తెలుసు, ఎంత గోలలోనైనా వింటాడు. "రాస్కో, ఆగు" అంటే చాలు. ఒకటి. నోరు తెరిచాను. పక్కకి చూశాను. కోచ్ అక్కడ మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, వానలో, తన కుర్రాళ్ళని చూస్తున్నాడు. వాళ్ళు గెలుస్తారని నమ్ముతున్న మొహం. రెండు. నోరు మూసుకున్నాను.

మొన్న కోచ్‌తో కలిసి గది సర్దుతున్నప్పుడు చెప్పేశాను. ఆయన చేతిలో పెట్టె కిందపెట్టాడు.

"నువ్వు అరవలేదుగా?" అన్నాడు.

"లేదు."

"అరిస్తే గెలిచేవాళ్ళం. ఎందుకు అరవలేదు?"

"మీరు అక్కడ నిలబడి ఉన్నారు కాబట్టి" అన్నాను.

ఆయన టోపీ తీశాడు. చాలాసేపటిదాకా మళ్ళీ పెట్టుకోలేదు.

గది తాళం ఇవాళ ఇచ్చేశాను. కాలేజీ వంటశాలలో పని ఇస్తామన్నారు, వెళ్తాను. నువ్వు క్రిస్మస్‌కి రా. బస్టాండుకి వస్తాను. నీమీద కోపం పోలేదు. ముందు నామీద నాకు పోనీ, తర్వాత నీ సంగతి చూస్తాను.

అక్క
ఆర్డిస్